రోగస్థానమున సూదిమందు

(స్మారకోపన్యాసము)

ఎవరి స్మృత్యర్థము ఈ వార్షికోపన్యాసము ఏర్పడినదో ఆ ఆచార్యులు చర్మవ్యాధులను బోధించుటయందే జీవితమును గడిపినవారు. మనుష్యచర్మమనియు పశుచర్మమనియు భేదము పెట్టుకొని ఈ శాస్త్రమును చదువరాదనియు, గుఱ్ఱమునకు లేచిన కంతిని చూడని వైద్యుడు మనిషికి లేచిన కంతిని సగమే చూచినవాడగుననియు వారు తఱచుగా చెప్పుచుండిరి. ఆ మాటను ఆధారముగా గొని ఈ సాయంకాలము నేను చెప్పదలచిన విషయము పైకి మిక్కిలి చిన్నదిగా కనిపించును. మందును నోటికి ఈయక, నరములోనికి ఎక్కింపక, రోగము కంటికి కనబడుచున్న చోటనే, ఆ మచ్చలోనికో, ఆ కంతిలోనికో, ఆ పుండు అంచులోనికో సన్నని సూదితో నింపుట అను పనిని గూర్చి మాటలాడెదను. ఈ చిన్న పనికి నూట డెబ్బది యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో నిజామాబాదు జిల్లాలోని ఒక గ్రామమునకును, ఆస్ట్రేలియా అడవిలోని ఒక చెట్టునకును, మన వంటయిండ్లలోని నువ్వులనూనెకును చోటున్నది.

సూదిమందు పుట్టుటయే రోగస్థానమును వెదకికొనుచు పుట్టినది. 1853లో ఎడింబరో నగరమున అలెగ్జాండరు వుడ్డు అను వైద్యుడు, నరముల పోటుతో బాధపడువారికి బోలుసూదిగల సిరంజితో మార్ఫియాను చర్మము క్రిందికి ఎక్కించి ఉపశమనము కలిగించెను. అదే సంవత్సరమున ఫ్రాన్సుదేశమున షార్లు ప్రవాజు వేఱొక ప్రయోజనమునకై అట్టి పరికరమునే నిర్మించెను. మందు నొప్పియున్న చోటనే, ఆ నరము చెంతనే పని చేయుచున్నదని వుడ్డు నమ్మెను. కావున నొప్పి ఎచ్చటనో అచ్చటనే సూదిని గుచ్చెను. కొలది యేండ్లకే లండనులో చార్లెసు హంటరు అను వైద్యుడు, ఒకేచోట పలుమార్లు గుచ్చుటచే చీము పట్టిన రోగులకు చోటు మార్చి గుచ్చిచూడగా, నొప్పికి దూరముగా వేసినను ఉపశమనము అంతేయని కనుగొనెను. మందు రక్తముతో కలిసి శరీరమంతయు తిరిగి పని చేయుచున్నదను సత్యము అట్లు వెల్లడియయ్యెను. ఇరువురి నడుమ తీవ్రమగు వాదము జరిగినది. గెలుపు హంటరుదే, అది న్యాయమైన గెలుపే. నేడు ఒంటిలో ఎచ్చటి రోగమునకైనను భుజమునకో తుంటికో సూదివేయించుకొని నిశ్చింతగా ఇల్లు చేరుచున్నామన్నచో, అది హంటరు సిద్ధాంతఫలము.

కాని ఒక సత్యము స్థిరపడినంతమాత్రమున దాని ప్రక్కనున్న సత్యము అసత్యము కానేరదు. మార్ఫియా పని చేయవలసిన చోటు మెదడును వెన్నుపామును. వానికి రక్తమే దారి. కాలిన గాయము మానిన పిమ్మట రొమ్ముపై త్రాడువలె గట్టిపడి పెరుగు కెలాయిడు మచ్చకు రక్తముద్వారా చేరు మందు ఎంత? పైపూతయైనను చాలదు, ఏలయన మన చర్మపు పైపొర నీటిని, విషమును, క్రిమిని లోనికి రానీయకుండుటకే ఏర్పడినది, అది శత్రువును ఆపినట్లే మిత్రుని గూడ ఆపును. పోనీ, ఆ మచ్చకు చాలునంత మోతాదు నోటిద్వారా ఇత్తమన్నచో, మచ్చకు కావలసిన దానికై కాలేయము, మూత్రపిండములు, ఎముకల మజ్జ, అన్నియు శిక్ష ననుభవింపవలసియుండును. చెఱువు ఎండిన వేసవిలో పొలమంతయు తడుపలేని రైతు, మోసి తెచ్చిన కడవనీటిని మొక్క పాదులోనే పోయును. చర్మరోగస్థానమున మందు నింపు వైద్యుని ఆలోచన అట్టిది. ఇందు పిసినారితనము లేదు, ఉన్నదానిని కావలసినచోటికి చేర్చు వివేకమున్నది.

ఈ వివేకము విస్తారముగా ఆచరణకు వచ్చినది కుష్ఠువ్యాధి విషయమున. ఇచ్చట నేను కొంతసేపు నిలువదలచితిని. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున తువరకతైలము కుష్ఠమునకు ఔషధముగా చెప్పబడినది. పశ్చిమసముద్రతీరభూములలో పెరుగు చెట్టుగా దానిని వర్ణించినారు. మన పడమటికనుమలలోని ఆ చెట్టుకును, బర్మా, అస్సాము అడవులలో పెరుగు దాని దాయాది చెట్టుకును కాయు గింజలనుండి తీసిన నూనెయే తరువాతి కాలమున చాల్‌మోగ్రా తైలమను పేర లోకప్రసిద్ధి పొందినది. 1854లో కలకత్తాలో ఫ్రెడరికు మౌవట్టు దానిని గూర్చి వ్రాసి పాశ్చాత్యవైద్యులకు ఎఱిగించెను. అయితే ఆ నూనె త్రాగినవారికి కడుపులో త్రిప్పి వాంతియగును. నెలల తరబడి త్రాగవలసిన మందు కడుపున నిలువనిచో దాని గుణమువలన ఏమి లాభము? 1894లో కైరో నగరమున టార్టౌలిస్ బే అను వైద్యుడు దానిని చర్మము క్రిందికి ఎక్కించిచూచెను. కాని చిక్కని నూనె సూదిలోనికి సులభముగా పాఱదు, పాఱినను ఒంటిలో సులభముగా కరగదు. ఈ చిక్కును విప్పినది హవాయి ద్వీపమున ఆలిస్ బాల్ అను నల్లజాతి యువతి. ఆమె రసాయనశాస్త్రవేత్త, నూనెలోని ఆమ్లములను ఇథైల్ ఎస్టరులుగా మార్చి, పలుచగా సూదిలో పాఱునట్లు చేసెను. 1916 డిసెంబరులో, ఇరువది నాలుగేండ్ల వయస్సున, తన పరిశోధనను తన పేర ప్రకటించుకొనకముందే ఆమె మరణించినది. ఆ పద్ధతి వేఱొకరి పేర కొంతకాలము చలామణి అయినది. నేడు ఆమె పేరు ఆమెకు తిరిగి దక్కినందులకు మనమందఱము సంతోషింపవలెను.

తువరకతైలమును తుంటికండరములోనికి వేయుట ఒక పద్ధతి. మచ్చలోనికే వేయుట మఱియొకటి. 1920 తరువాత రెండు దశాబ్దులలో కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఎర్నెస్టు మ్యూరు, చెంగల్పట్టు ఆశ్రమమున రాబర్టు కాక్రేను మున్నగువారి కాలమున భారతదేశపు కుష్ఠుకేంద్రములందు ఈ రెండవ పద్ధతి నిత్యకృత్యమయ్యెను. నూటికి నాలుగు పాళ్ళు క్రియోసోటు కలిపిన నూనెను సిరంజిలో నింపి, మచ్చ మొదలుకొని అంచువఱకు చర్మపు మందములోనే బొట్టుబొట్టుగా, దగ్గఱదగ్గఱ గుచ్చుచు పోవుదురు. ప్రతి గుచ్చునకు చర్మము చిన్న బుడిపెగా లేచి, పని ముగియునప్పటికి మచ్చయంతయు నారింజతొక్కవలె కనబడును. స్పర్శ నశించిన మచ్చ నడుమ రోగికి నొప్పి తక్కువ. అంచున, స్పర్శ ఇంకను మిగిలియున్నచోట, నొప్పి తెలియును. రోగి బొమ్మను కాగితముపై గీసి, ఏ మచ్చకు ఏ వారము మందు పడినదో గుర్తించి, మఱుసటి వారము ప్రక్కభాగమునకు పోవుదురు. ఓర్పు లేనివాడు చేయరాని పని యది.

నిజామాబాదునకు చేరువనున్న డిచ్‌పల్లి గ్రామము ఈ కథలోనిది. నిజాము రాజ్యమున మెథడిస్టు మిషనులో సేవ చేయుచున్న ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్, ఊరివెలుపల చెట్లక్రింద బ్రదుకుచున్న కుష్ఠురోగులను చూచి మొదట నిజామాబాదున, పిమ్మట రాజా నర్సాగౌడు ఔదార్యముతో చేసిన విరాళముచే డిచ్‌పల్లిన ఆస్పత్రిని నిలిపిరి. ఆమె 1932లో మరణించువఱకు ఆ పనియందే యుండెను. ఆ ఆస్పత్రిలో పని చేసిన జాన్ లో అను వైద్యుడు తరువాత కలకత్తాకును, అటనుండి నైజీరియాలోని ఉజుఆకొలి కేంద్రమునకును పోయి, డాప్సోను మాత్రను నోటిద్వారా ఇచ్చి కుష్ఠమును అణచవచ్చునని నిరూపించినవారిలో ముఖ్యుడయ్యెను. నూనెసూదుల కాలమున డిచ్‌పల్లిలో చేయి తిరిగిన వైద్యుడే నూనెసూదుల కాలమునకు ముగింపు పలుకుటలో పాలుగొన్నాడన్నచో, శాస్త్రము తన పాతపనిని తానే సరిదిద్దుకొను తీరు ఇంతకంటె స్పష్టముగా మఱెచ్చట కనబడును?

తువరకతైలము నిజముగా కుష్ఠమును మాన్పినదా అను ప్రశ్నకు నా సమాధానము దాచను. స్పర్శ లేని కొలది మచ్చలతో ఆగిపోవు రకములో మచ్చలు అణగినవి. కాని ఆ రకము చాలమందిలో తనంతట తానే అణగునది. ఒంటినంతయు ఆక్రమించు రకమును నూనె నిలుపలేకపోయినది. 1941లో అమెరికాలోని కార్‌విల్లు ఆస్పత్రిలో డాప్సోను జాతికి చెందిన సల్ఫోను మందులు మొదలయి, 1981లో ప్రపంచారోగ్యసంస్థ పలుమందుల కలయికను విధించిన పిదప, కుష్ఠము మందులతో పూర్తిగా మానునట్టి వ్యాధియయ్యెను. అయినను ఆ నూనెసూదుల ముప్పదియేండ్లు వ్యర్థమని నేననను. అంతకుముందు కుష్ఠరోగిని ముట్టినవారు అరుదు. సూది వేయవలెనన్నచో రోగి చేతిని పట్టుకొనవలెను, మచ్చను వ్రేళ్ళతో సాగదీయవలెను, వారమువారము అతని ముఖమును చూచి పేరుపెట్టి పిలువవలెను. దాగియున్న రోగులు వెలుగులోనికి నడిచివచ్చినది ఆ సూదికై. వారు వచ్చుట అలవాటైన తరువాతనే డాప్సోను మాత్రకు పుచ్చుకొనువారు దొరకిరి.

స్థానికచికిత్స చరిత్రలో రెండవ మలుపు మఱింత విచిత్రమైనది. మందు ఆ చోటనే నిలిచి ఆ చోటనే పని చేయవలెనని మనము కోరితిమి. కాని ఒకానొక సమయమున, ఆ చోట కలిగిన అలజడి శరీరమంతటికిని పాఠము చెప్పినట్లు కనబడెను. న్యూయార్కు నగరమున విలియం కోలీ అను యువశస్త్రవైద్యుడు తన చేతిలో సార్కోమా అను క్యాన్సరుతో మరణించిన ఒక పడుచు రోగిని మఱువలేక, ఆస్పత్రి పాతదస్తరములను తిరుగవేసెను. మెడపై సార్కోమా గల ఒక రోగికి విసర్పిరోగము సోకి, జ్వరము తగ్గునప్పటికి కంతి కరగినట్లు వానిలో వ్రాసియుండెను. కోలీ ఆ మనుష్యుని నగరమంతయు వెదకి, బ్రదికియుండగా కనుగొనెను. 1891లో ఆయన, శస్త్రచికిత్సకు లొంగని కంతిగల మఱియొక రోగికి విసర్పి కలిగించు స్ట్రెప్టోకాకస్ క్రిములను సజీవముగానే కంతిలోనికి ఎక్కించెను. పలుమార్లు విఫలమైన పిదప రోగికి తీవ్రజ్వరము వచ్చెను, కంతి కుంచించెను. అతడు పిమ్మట సుమారు ఎనిమిదియేండ్లు జీవించెను. సజీవక్రిమి ప్రాణాపాయకరమని కోలీ చంపిన క్రిముల మిశ్రమమును వాడసాగెను. రేడియేషను చికిత్స వచ్చి, ఆయన ఫలితములు నిలకడలేనివని విమర్శలు పెరిగి, 1936లో ఆయన మరణించునాటికి ఆ పద్ధతి మూలపడినది. ఆయన కుమార్తె హెలెన్ కోలీ నాట్సు తండ్రి కాగితములను ఏండ్లతరబడి పరిశీలించి, 1953లో క్యాన్సరుపై రోగనిరోధకశక్తి పరిశోధనకు ఒక సంస్థను స్థాపించెను. తండ్రి ఊహకు ఆధారము చూపవలెనని కూతురు పడిన ఆ శ్రమను నేను ఎంతో గౌరవింతును.

కోలీ ఊహ నిలిచినదనుటకు తరువాతి ఉదాహరణములు చాలును. క్షయకు టీకాయైన బి.సి.జి.ని 1970 ప్రాంతమున డోనాల్డు మోర్టను మెలనోమా అను చర్మక్యాన్సరు గడ్డలలోనికి ఎక్కింపగా, సూది పడిన గడ్డలు చాలవఱకు కరగినవి. కొన్నియెడల సూది పడని గడ్డలును కరగినవి. 2015లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ మెలనోమా గడ్డలలోనికి నేరుగా ఎక్కించుటకు ఒక వైరసునే మందుగా అంగీకరించెను. పెదవిపై పొక్కులు కలిగించు హెర్పీసు వైరసునుండి హాని చేయు జన్యువులను తొలగించి, రక్షకకణములను పిలుచు ప్రోటీనును తయారుచేయు జన్యువును చేర్చినది యది. దానిని పొందినవారిలో నూటికి 16.3 మందికి ఆరునెలలకు తగ్గని మేలు కలుగగా, పోల్చిచూచిన మందుతో నూటికి 2.1 మందికే కలిగినది. 16 అను సంఖ్యను చూచి ఇంతేనా అని పెదవి విఱుచువారుందురు. మెలనోమా గడ్డలు ఒంటినిండ లేచిన రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలాడినవారు అట్లు విఱువరు.

ఇంతటి పెద్ద వ్యాధి వఱకు పోనక్కఱలేదు. మన వీధిలోని పిల్లవాని చేతులనిండ పులిపిరులు లేచినవనుకొందము. ఒక్కొక్కదానిని కాల్చుకొనుచు పోయిన మఱునెల మఱికొన్ని లేచును. నేటి చర్మవైద్యుడు వానిలో పెద్దదానిని ఒకదానిని ఎన్నుకొని, తట్టు, గవదల టీకామందునో, క్షయపరీక్షకు వాడు ద్రవమునో, మన దేశముననే ప్రాణ్ తల్వారు కుష్ఠమునకై రూపొందించిన మైకోబాక్టీరియం డబ్ల్యు అను చంపిన క్రిముల టీకానో అందులోనికి ఎక్కించును. అంతవఱకు పులిపిరి వైరసును పరాయిదిగా గుర్తింపక ఊరకున్న రక్షకకణములు ఆ టీకాను ఎదుర్కొనుటకు వచ్చి, ప్రక్కనున్న వైరసును గూడ కనుగొనును. కొలదివారములకు, సూది ముట్టని దూరపు పులిపిరులు సయితము రాలిపోవుట మేము మా గదులలో చూచుచున్నాము. అందఱిలోను ఇట్లు జరుగదు. పులిపిరులు తమంతట తామే పోవుటయు కద్దు. అయినను కుష్ఠమునకై కట్టిన టీకా పులిపిరికి మందయినదను ఈ సంబంధము నాకు ఎంతో ప్రియమైనది.

ఇంక గుఱ్ఱముల సంగతి. ఆవులలో పులిపిరులు కలిగించు పాపిలోమా వైరసు ఆవు ఒంటిపై కొంతకాలముండి చాలవఱకు తానే పోవును. అదియే వైరసు గుఱ్ఱపు చర్మములో ప్రవేశించినప్పుడు సార్కాయిడు అను మొండికంతి లేచును. గుఱ్ఱములకు లేచు చర్మకంతులలో ఇంత సాధారణమైనది మఱొకటి లేదు. కోసి తీసివేసిన తిరిగి లేచుట దాని స్వభావము, లేచినప్పుడు మునుపటికంటె ఉగ్రముగా లేచుటయు కలదు. కనుఱెప్పపై లేచినదానిని చుట్టును విశాలముగా కోయుటకు చోటెక్కడిది? అందుచేత పశువైద్యులు బి.సి.జి.ని కంతిలోనికే ఎక్కించిరి. కనుఱెప్పల చుట్టునున్న కంతులలో ఇది బాగుగా పనిచేసినది. రెండవ మూడవ మాఱులకు గుఱ్ఱమునకు ప్రాణాపాయకరమైన ఒవ్వమి కలుగవచ్చును గనుక ముందుగానే నివారణౌషధములు ఈయవలెనని కూడ వారు అనుభవమున నేర్చిరి. మనుష్యులకు నరములోనికి ఎక్కించు సిస్‌ప్లాటిను అను క్యాన్సరు మందును, 1990 తరువాత, కాలిఫోర్నియాలోని డేవిసు పశువైద్యకళాశాలలో అలేన్ థియోను మున్నగువారు కంతిలోనికి నేరుగా వేయసాగిరి. నీటిలో కలిపి వేసిన మందు గంటలలో కంతినుండి రక్తములోనికి జాఱిపోవుచుండగా, వారు దానిని శుద్ధి చేసిన నువ్వులనూనెతో చిలికి వేసిరి. నూనె మందును కంతిలోనే పట్టియుంచెను. ఘన సెంటీమీటరు కంతికి ఒక మిల్లీగ్రాము చొప్పున, రెండు వారముల ఎడముతో నాలుగుమాఱులు. మనుష్యుని మూత్రపిండములను దెబ్బతీయు మందు గుఱ్ఱపు మూత్రపిండముల నంటకయే కంతిని మాత్రము కరగించెను. మందునకు వాహనమును ఎన్నుకొనుట వైద్యమున సగమని నేను నమ్ముదును. తైలమును కేవలము వాహనముగా గాక ఔషధసారమును నిలుపు ఆధారముగా చూచిన మన ప్రాచీనులకు ఈ పని పరాయిగా తోచియుండదు.

కుక్కల విషయమున ఇటీవల జరిగినది ఇంకను గొప్పది. కుక్కల చర్మమున లేచు దుష్టకంతులలో మాస్ట్ కణముల కంతి ఎక్కువగా కనబడునది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు ఉత్తరపు వర్షారణ్యమున, మిక్కిలి చిన్న ప్రదేశమున మాత్రమే పెరుగు ఫోంటేనియా పిక్రోస్పెర్మా అను చెట్టు గింజలో టిగిలనాల్ టిగ్లేటు అను పదార్థము దొరకినది. ఆ చెట్టు మన ఆముదపుచెట్టును, నేపాళమును చేరిన కుటుంబములోనిదే. నేపాళపునూనె చర్మమున మంట పుట్టించుటకు కారణమైన పదార్థములును ఈ కొత్త పదార్థమును కణములోపల ఒకే జాతి ఎంజైమును రేపునట్టివే. ఆ నేపాళపు పదార్థములను ఎలుకల చర్మమున పూసి కంతులు పెరుగుటను శాస్త్రజ్ఞులు ఎన్నోయేండ్లు పరిశీలించిరి. అట్టి కుటుంబమునుండియే కంతిని చంపు మందు లభించుట ప్రకృతి వైచిత్ర్యము. ఈ మందును కంతి ఘనపరిమాణములో సగమంత కొలిచి, ఒకే సూదిరంధ్రమునుండి విసనకఱ్ఱవలె నలుదిక్కులకు నింపుదురు. గంటలలో కంతి నల్లబడి వాచును, దానిని పోషించు రక్తనాళములు తెగును, దినములలో ముద్ద ఊడిపోవును. మిగిలిన గాయమును కట్టు కట్టకయే విడిచిన, చాలవఱకు తానే పూడి మానును. పరీక్షింపబడిన కుక్కలలో నూటికి 75 పాళ్ళకు ఒక్క సూదితోనే, ఇరువది యెనిమిది దినములకు కంతి పూర్తిగా మాయమయ్యెను. 2020లో ఐరోపా, అమెరికా రెండును దీనిని కుక్కల చికిత్సకు అంగీకరించినవి. మాస్ట్ కణములు పగిలినప్పుడు హిస్టమిను ఒక్కపెట్టున వెలువడి జంతువు స్పృహ దప్పవచ్చును గనుక, ముందుగా స్టిరాయిడును, హిస్టమిను నణచు మందులను తప్పక ఈయవలెను. ఇదే మందును మనుష్యుల కంతులలో పరీక్షించు పని మొదలైనది. ఇన్నాళ్ళు మనుష్యుల మందులను పశువులకు దించితిమి. ఇచ్చట కుక్క ముందు నడిచినది, మనిషి వెనుక నడచుచున్నాడు.

మా దినచర్యలోని పనులను గూర్చి కొంచెము చెప్పెదను. పేనుకొరుకుడు వలన తలపై గుండ్రముగా వెండ్రుకలు ఊడినచోట, చెవితమ్మెకు కుట్టించుకొన్నచోట కాయవలె లేచిన కెలాయిడులో, మేము వేయునది ట్రయామ్సినొలోన్ అను స్టిరాయిడు. తలకు మిల్లీలీటరునకు 5 మిల్లీగ్రాములు చాలును. కెలాయిడునకు 10 నుండి 40 వఱకు పోవుదుము, నాలుగైదు వారముల ఎడమున. రాజస్థానులోని బికనీరు ప్రాంతమున ఇసుకదోమ కాటువలన లేచు లీష్మేనియా పుండ్లకు యాంటిమొనీ మందును పుండు అంచులు తెల్లబడువఱకు చుట్టును నింపుట అచ్చటి వైద్యుల నిత్యకృత్యము. నరములోనికి ఎక్కించినచో గుండెకు భారమగు ఆ మందు, పుండులోనికి కొలదిగా వేసిన రోగి నడిచివచ్చి నడిచిపోవును.

ఈ సుగుణములన్నియు చెప్పితిని గనుక అపాయములను మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. అన్నిటికి మొదటిది: ఏమిటో తెలియని మచ్చలో సూది గుచ్చరాదు. నల్లగా పెరుగుచున్న పుట్టుమచ్చలో స్టిరాయిడు వేసినవాడు మెలనోమాకు ముసుగు వేసినవాడగును. మన జిల్లాలలో ఎఱ్ఱని మచ్చతో వచ్చిన ప్రతివానికి దూదిపోచతో స్పర్శ చూచి, నరము ఉబ్బినదేమో తడిమి, అవసరమైన ముక్క తీసి పరీక్షకు పంపి, అటుపిమ్మటనే సిరంజి పట్టవలెను. కుష్ఠము ఇంకను మన నడుమనే యున్నది. రెండవది చర్మపు లోతు. స్టిరాయిడు ఒక మెట్టు క్రిందికి దిగిన క్రొవ్వు కరగి గుంట పడును. మన చామనచాయ చర్మములపై సూది చుట్టును తెల్లని మచ్చ ఏర్పడుట తఱచు. అది నెలలలో రంగు తిరిగి పొందునదియే, కాని ముందుగా చెప్పని యెడల రోగియు, రోగికంటె ఎక్కువగా బంధువులును, బొల్లి వచ్చినదని తల్లడిల్లుదురు. పెండ్లీడు పిల్ల తల్లి ఆ మచ్చను చూచి ఏడ్చిన యేడ్పును ఏ గ్రంథమును వర్ణింపదు. అది చెప్పవలసిన మాటను ముందు చెప్పకపోవుట వలన వచ్చిన యేడ్పు. మూడవది అన్నిటికంటె భయంకరము: ముక్కు, నుదురు, కనుఱెప్పల చెంత బలముగా నెట్టిన మందు రక్తనాళములో వెనుకకు నడచి కంటిలోని ధమనిని మూసి చూపును పోగొట్టిన సందర్భములు వైద్యగ్రంథములందు కలవు. అచ్చట సూదిని నెమ్మదిగా, కొలదికొలదిగా, వెనుకకు లాగి రక్తము రాలేదని చూచుకొని వేయవలెను. వ్రేలి పులిపిరిలో బ్లియోమైసిను అను మందు వేసినపుడు ఆ వ్రేలు చలికి తెల్లబడి నొప్పిపెట్టు స్థితి సంవత్సరముల తరువాతనైనను మిగులవచ్చును.

నొప్పిని గూర్చి మాటలాడక ఈ విషయమును ముగింపరాదు. గట్టిబడిన కెలాయిడులో మందును నెట్టునపుడు కలుగు నొప్పి తీవ్రమైనది. దానిని భరింపలేక చికిత్స నడుమ విడిచిపెట్టినవారు మనకు తెలియనంతమంది. మంచుగడ్డతో మొద్దుబార్చుట, తిమ్మిరి కలిగించు లిగ్నోకెయిను కలుపుట, సన్నని సూదిని ఎన్నుకొనుట, మధ్యమధ్య ఆగుట, ఇవన్నియు చికిత్సలోని భాగములే గాని దయాదాక్షిణ్యములు కావు. పశువు నోరులేనిది; దాని నొప్పి దాని కండరముల బిగువులో, చెవుల వాలులో, ఒక అడుగు వెనుకకు వేయుటలో తెలియును. గుఱ్ఱమునకు మత్తు ఈయక కనుఱెప్పలో సూది గుచ్చవచ్చునని ఏ పుస్తకమును చెప్పదు, చెప్పినను చేయరాదు. పశువైద్యశాలలో నొప్పిని కనిపెట్టుట నేర్చిన విద్యార్థి, మాటలాడలేని పసిబిడ్డ చర్మముపై సూది పట్టినపుడు మెలకువతో నుండును. ఇది నేను చూచియున్నాను.

ఈ సంబంధమును మాటతో విడువక పనిగా మార్చవలెనని నా కోరిక. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకును, రాజేంద్రనగరులోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకును దినదినము వచ్చు కుక్కల, ఎడ్ల, గుఱ్ఱముల చర్మకంతులను మనుష్యచర్మవైద్యము చదువు విద్యార్థి ఒక్కసారియైనను చూచుట లేదు. అట్లే మన ఆస్పత్రులలోని కెలాయిడులను, పులిపిరులను, మానని పుండ్లను పశువైద్యవిద్యార్థి చూచుట లేదు. నెలకొక దినము ఇరువురును ఒక బల్లయొద్ద కూర్చుండి, కంతి కొలతను, సూదికి ముందు తీసిన ఛాయాచిత్రమును, వేసిన మోతాదును, ఇరువది యెనిమిదవ దినపు స్థితిని ఒకే రీతి పట్టికలో వ్రాసుకొన్నచో, కొన్నియేండ్లకు మన ప్రాంతపు అనుభవము మనకే చేతికందును. ఈ వార్షికోపన్యాసమును నడుపు ధర్మనిధి వడ్డీనుండి ఏటేట ఒక వైద్యవిద్యార్థిని రెండు వారములు పశువైద్యశాలకును, ఒక పశువైద్యవిద్యార్థిని అంతేకాలము చర్మవ్యాధుల విభాగమునకును పంపుటకు ప్రయాణఖర్చు కేటాయింపవలసినదిగా ఆ నిధిని నెలకొల్పిన కుటుంబమువారిని వేడితిని. వారు సంతోషముతో అంగీకరించిరి. మొదటి యిరువురిని ఈ విద్యాసంవత్సరమే ఎన్నుకొనవలసినదిగా వైద్యకళాశాల, పశువైద్యకళాశాల ప్రధానాచార్యులను ఈ వేదికనుండి ప్రార్థించుచున్నాను. పట్టిక నమూనాను వ్రాసి తెచ్చితిని, సభ ముగిసిన పిమ్మట కావలసినవారు తీసికొనవచ్చును.